కిటికీ బయట మా బావగారు

మా ఆయన సోఫాలు బాగుచేస్తారు. చిరిగిన గుడ్డ ఊడదీసి, కుంగిన స్ప్రింగులు మార్చి, కొత్త స్పాంజి పరిచి, మళ్ళీ మేకులు కొట్టి పంపిస్తారు. పనిలో వంక పెట్టడానికి లేదు. బాధల్లా ఆయన నోటితోనే. ఇంట్లో చీపురు కిందపడినా ఆయనకు అందులో ఒక దైవసందేశం వినబడుతుంది.

పెళ్ళైన కొత్తలో ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పక్కనే నిలబడ్డ మనిషి మంట తగ్గించకుండా, "చూశావా, దీవెన నిండి పొర్లడమంటే ఇదే," అని పరవశించిపోయారు. ఆ ఆదివారం చర్చిలో కూడా చెప్పారు. స్నానాలగది తూము పూడుకుపోతే అది హృదయంలో పేరుకున్న పాపం. నేను తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోతే అది దారితప్పిన ఆత్మ. ఒకసారి మూకుడు తగిలి నా చెయ్యి కాలితే, మందు తెస్తానని లేచిన మనిషి గుమ్మం దగ్గర ఆగిపోయి, అగ్నిపరీక్ష గురించి ఆలోచిస్తూ అక్కడే ఉండిపోయారు. మందు నేనే రాసుకున్నాను.

పాస్టరుగారికి మాత్రం మా ఆయనంటే ప్రాణం. ప్రసంగానికి ముందు కాసేపు 'ఇంటి పాఠం' చెప్పమని మైకు ఇచ్చేస్తారు. ఆ కాసేపట్లో తాను వెనక గదిలో టీ తాగి రావచ్చు కదా. దాంతో మా తూము ఎప్పుడు పూడిందో, మా అత్తగారు ఎవరిమీద అలిగారో సంఘమంతటికీ తెలుసు. ఓసారి చర్చి మెట్ల మీద ముక్కూమొహం తెలియని ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు పాలు పొంగటం లేదు కదమ్మా?" అని జాలిగా అడిగింది.

వీటన్నిటికీ నేను అలవాటు పడ్డాను. బావగారే పడలేదు.

బావగారంటే మా ఆయన అన్న. బస్సు డ్రైవరు. పెళ్ళి చేసుకోలేదు, పక్కవీధిలో ఒక గదిలో ఉంటారు. మా ఆయన పడుచుతనంలో పాటలు పాడతానని ఒక నాటకాల బృందం వెంట దేశాలు పట్టిపోయారు. అక్కడ ఆయనచేత పాటలు పాడించలేదు, తెరలు మోయించారు. మామగారు మంచాన పడి పోయాక గానీ తిరిగి రాలేదు. వట్టిచేతులతో వచ్చిన కొడుకుని చూసి అత్తగారు ఘొల్లుమని ఏడ్చి, ఇరుగుపొరుగుని పిలిచి విందు చేశారట. బావగారు డ్యూటీ నుంచి వచ్చి, ఆ సందడి చూసి, ఒక్క మాటా మాట్లాడకుండా గుమ్మంలో కాసేపు నిలబడ్డారట. జరిగింది అంతే.

ఇంకొకరికైతే అదొక జ్ఞాపకం. మా ఆయనకు పాఠం. ఒక ఆదివారం మైకు పట్టుకుని, "బైబిలు కథలో తప్పిపోయి దొరికిన చిన్నకొడుకును నేనే," అని మొదలుపెట్టారు. అక్కడితో ఆపితే బాగుండేది. జనం కళ్ళు తుడుచుకునేసరికి ఆయనకు హుషారొచ్చింది. "తమ్ముడికి విందేమిటని అలిగి, లోపలికి రాకుండా బయట నిలబడ్డ పెద్దకొడుకు కూడా ఇక్కడే ఉన్నాడు. అదిగో, ఆ స్తంభం పక్కన!" అని చెయ్యి చాపారు. చర్చంతా తిరిగి చూసింది. బావగారు లేచి బయటికి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే మా ఇంటికి భోజనానికి వచ్చారు. వచ్చారు గానీ గుమ్మం దాటలేదు. కిటికీ దగ్గర నిలబడి, "అమ్మాయ్, పళ్ళెం ఇటివ్వు," అన్నారు.

"అదేంటి బావగారూ, లోపలికి రండి."

"నేను బయట నిలబడేవాణ్ణి కదమ్మా. మీ ఆయన మైకులో చెప్పాడు. దేవుడి మందిరంలో అన్న మాట అబద్ధం కాకూడదు."

కోపమొస్తే లోకంలో మనుషులు రావడం మానేస్తారు. వీళ్ళ వంశంలో కోపమొచ్చినా భోజనం మానరు.

అలా మొదలై ఏళ్ళ తరబడి సాగింది. పళ్ళెం కిటికీ ఊచల మధ్య పట్టలేదు. నిలువుగా తిప్పితే కూర నా కాళ్ళ మీద పడింది. చివరికి మా ఆయన మేకులు పోసుకునే సన్నటి రేకుడబ్బా ఒకటి తోమి, అందులో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాను. బావగారు డిపోలో పారేసిన బస్సు సీటొకటి తెచ్చి, కిటికీ కింద గోడకు ఆనించుకున్నారు. దాని చిరుగులు చూసి మా ఆయన చేతులు ఊరుకోలేదు. వారం మధ్యలో కొత్త రెగ్జిను వేసి, మెత్తటి స్పాంజి కూరారు. ఆదివారం బావగారు వచ్చి దాన్ని వేలితో నొక్కి చూసి, "నీ మెత్తదనం నాకక్కర్లేదు," అని నిలబడే తిన్నారు. పాత చిరుగుల గుడ్డ వెతికి మళ్ళీ తొడిగేదాకా కూర్చోలేదు. వానొస్తే గొడుగు వేసుకుని తినేవారు. ఒకసారి కిటికీలోంచి భోజనం ఇస్తుండటం చూసి ఇద్దరు దారినపోయేవాళ్ళు ఆయన వెనక వరసలో నిలబడ్డారు. వాళ్ళకూ పెట్టాను, ఏం చేస్తాను?

మా ఆయన ప్రతివారం బయటికి వెళ్ళి అన్నగారిని బతిమాలేవారు. అయితే అది బతిమాలడంలా ఉండేది కాదు. ఆ కథలో తండ్రి బయటికొచ్చి పెద్దకొడుకుని బతిమాలతాడు కదా, మా ఆయన ఆ తండ్రి వేషం కట్టేవారు. గొంతు తగ్గించి, అన్నగారి భుజం మీద చెయ్యి వేసి, "నాయనా, లోపలికి రా," అనేవారు.

"ఎవడ్రా నీకు నాయన? నీ బొడ్డు ఊడకముందు నుంచి నిన్ను ఎత్తుకు తిరిగినవాణ్ణి!"

"కోపం విడిచి విందులోకి రా, నాయనా."

"ఆ పెద్దకొడుకు లోపలికి వెళ్ళాడని రాసుందా?"

ఆ ప్రశ్న పట్టుకుని మా ఆయన పాస్టరుగారి దగ్గరికి పరుగెత్తారు. పాస్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని వెతికి, రాయలేదన్నారు. తండ్రి బతిమాలడంతోనే కథ ఆగిపోయిందట. ఆ సంగతి చెబితే బావగారు డబ్బా నాకిచ్చేస్తూ, "రాసినప్పుడు కబురు చెయ్యండి," అన్నారు.

ఇద్దరూ ఇద్దరే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. మూడోవారు మా అత్తగారు. "కొడుకు ఇంట్లోకి రావాలి గానీ తల్లి వీధిలోకి పోతుందా?" అని ఆవిడా మెట్టు దిగలేదు.

ఇంతలో అత్తగారి చూపు తగ్గుతూ వచ్చింది. ఆపరేషనుతో బాగయ్యేది కాదని కంటిడాక్టరు చెప్పేశాడు. మంచి వెలుతురులో, బాగా దగ్గరగా ఉంటే మనిషి మొహం ఆనుతుంది. అదీ ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు. ఆదివారం భోజనాల దగ్గర ఆవిడ కిటికీకి ఎదురుగానే కూర్చునేవారు. కానీ బావగారి వెనకనుంచి ఎండ కొడుతుంది కదా, ఆవిడకు కనబడేది ఒక నల్లటి తలకాయ, రెండు భుజాలు.

ఒకరోజు నేను ఆవిడకు తల దువ్వుతుంటే, "అమ్మాయ్, పెద్దాడి మొహం మరిచిపోతానేమోనని భయంగా ఉందే," అన్నారు. "పూర్తిగా చీకటైపోయాక ఏ మొహాన్ని తలుచుకోను?"

దువ్వెన అక్కడే పెట్టేశాను. వెళ్ళి మా ఆయనకు చెప్పాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిరిగినవి తిరిగినట్టే ఉన్నాయి, నోరు మాత్రం, "చూపు, వెలుగు... ఇందులో ఎంత చక్కటి పాఠం..." అనడం మొదలుపెట్టింది. చేతిలో ఉన్న దిండు విసిరాను. సోఫాల ఇల్లు కాబట్టి దిండ్లకు కరువు లేదు. రెండోది కూడా విసిరాను.

తర్వాతి ఆదివారం బావగారు వచ్చి సీటు మీద కూర్చోగానే అత్తగారు లేచారు. "భోజనాల బల్ల వీధిలో వెయ్యండి. నేను బయటే తింటాను."

"అమ్మా, కథలో విందు లోపల..." అన్నారు మా ఆయన.

"ఆ కథలో తల్లి లేదురా. ఉండుంటే ఆ పూటే తేలిపోయేది. బల్ల తియ్యి."

బల్ల గుమ్మంలో పట్టలేదు. మా ఆయన కాళ్ళు విప్పి, బయటికి మోసి, మళ్ళీ బిగించారు. నేను కుర్చీలూ గిన్నెలూ చేరవేశాను. సైకిలు మీద వెళ్ళే పెద్దమనిషి ఒకాయన దిగి, బల్ల చుట్టూ తిరిగి సైకిలు నడిపించుకుపోయాడు. అత్తగారు నా భుజం పట్టుకుని రెండు మెట్లూ దిగి వచ్చి, బల్ల దగ్గర కూర్చున్నారు.

ఇదంతా చూస్తున్న బావగారి మొహం మాడిపోయింది. "ఇదేంటి? బయట ఉండేది నేను!"

"ఇప్పుడందరం బయటే అన్నయ్యా," అన్నారు మా ఆయన చేతిలో స్పానరు తిప్పుతూ.

"అయితే నాకిక్కడ చోటు లేదు." డబ్బా పుచ్చుకుని, విసవిసా మెట్లెక్కి, ఇన్నేళ్ళుగా దాటని గుమ్మం దాటి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

మా ఆయన ఎగిరి గంతేశారు. "హల్లెలూయా! లోపలికి వెళ్ళాడు! రాయకుండా వదిలేసిన ముక్క ఇదే!"

కిటికీ అవతల బావగారు ప్రత్యక్షమయ్యారు. "నేను లోపలికి రాలేదురా. మీరంతా బయటికి పోయారు. మీరు లేనిచోట నేనున్నాను, అంతే!"

"ఇల్లే కదా లోపలంటే?"

"అమ్మ ఎక్కడుంటే అది లోపల. అంటే నేనింకా బయటే ఉన్నాను. అమ్మాయ్, రొట్టె ఇటివ్వు!"

నేను వీధిలో నిలబడి ఊచల్లోంచి ఇంట్లోకి రొట్టె అందించాను. మెట్టినింట ఇలాంటి పని పడుతుందని మా అమ్మ నాకు ఎన్నడూ చెప్పలేదు. అన్నదమ్ములిద్దరూ ఏది లోపల, ఏది బయట అని ఒంటికాలి మీద లేచి వాదించుకుంటుంటే నాకు నవ్వు ఆగలేదు. అప్పుడు అత్తగారి వైపు చూశాను. ఆవిడ ఏడుస్తున్నారు.

"ఇందాకటిదాకా తలకాయైనా కనబడేది," అన్నారు. "ఇప్పుడు గదిలో చీకటి తప్ప ఏమీ ఆనడం లేదు."

అత్తగారు కళ్ళు ఒత్తుకుని చిన్నకొడుకుని పిలిచారు. "ఒరేయ్, ఒకటి చెప్పు. ఆ కథలో పెద్దాణ్ణి బతిమాలడానికి బయటికొచ్చింది ఎవరు?"

"తండ్రమ్మా."

"తమ్ముడు రాలేదా?"

మా ఆయన ఆలోచించారు. ఆ కథ ఆయనకు కంఠతా వచ్చు. "లేదమ్మా. విందు మొదలయ్యాక తమ్ముడి మాటే లేదు."

"మీ నాన్న పోయాడు కదరా. నువ్వు తండ్రివి ఎప్పుడయ్యావు?"

మా ఆయన నోట మాట లేకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. చేతిలో స్పానరు బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరికి వెళ్ళారు. తలుపు తోయలేదు. ఆ వేషపు గొంతు పోయి మామూలు గొంతు వచ్చింది, అదీ సగం సగం.

"అన్నయ్యా, నేను తెరలు మోస్తూ తిరిగినన్నాళ్ళూ నాన్న పక్కన నువ్వొక్కడివే ఉన్నావు. పక్క తిప్పింది నువ్వు, ఒళ్ళు తుడిచింది నువ్వు. నాన్న ఎలా పోయారని నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు. వచ్చి విందు తిని, నిన్ను అందరిముందూ వేలెత్తి చూపించాను. తప్పైపోయిందన్నయ్యా."

లోపల గడియ తీసిన చప్పుడైంది.

"నీ గురించే అడిగాడు," అన్నారు బావగారు గుమ్మంలో నిలబడి. "చివరిదాకా నీ గురించే అడిగాడు. వస్తున్నాడు, దారిలో ఉన్నాడు అని రోజూ అబద్ధం చెప్పేవాణ్ణి."

మా ఆయన గుమ్మం మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. బావగారు ఆయన జబ్బ పట్టి లేపారు. "చాల్లే, లే. కూర చల్లారిపోతోంది," అని బయటికి తీసుకొచ్చారు.

నేను కుర్చీ జరిపాను. బావగారు తల్లి పక్కన కూర్చున్నారు. ఎండ నేరుగా ఆయన మొహం మీద పడుతోంది. అత్తగారు రెండు చేతులతో ఆ గడ్డం పట్టుకుని, తన కళ్ళకు అంగుళం దూరంలోకి లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు.

"ఒరేయ్ పెద్దాడా," అన్నారు, "ఇంత ముసలాడివి ఎప్పుడయ్యావురా?"