నెల తప్పిందన్న మాట

పుంగనూరులో మా అక్క చేతుల గాజులను ఆమె అత్తగారు వీధి అరుగు మీద, పదిమంది ముందు, సబ్బునీళ్లు రాసి ఊడదీసింది. ఐదో నెల అని నాలుగు రోజుల ముందు తొడిగింది కూడా ఆమే. రెండు గాజులు పగిలి అక్క మణికట్టు గీసుకుపోయింది.

"ఇది కడుపు కాదంట, కొవ్వంట!" అని అత్తగారు అరిచింది.

"కవలలు అనుకుంటిమే అమ్మా," అని పక్కింటామె నవ్వింది.

"కవలలే. ఒగటి బోండా, ఇంగొగటి మైసూరుపాకు."

"మీరే కదత్తా తినమనింది?" అంది అక్క.

"నోరు ముయ్యి."

తొంభైల చివరి సంగతి ఇది. నేను మదనపల్లెలో ఒక పత్రికకు వార్తలు రాసేవాణ్ని. పెళ్లయిన నాలుగో ఏడు అక్కకు నెలసరి ఆగింది. మన భాషలో నెల తప్పడానికి ఒకటే అర్థం. లావుపాటి మనిషికి పొట్ట ఇంకా పెరుగుతుంటే ఎవరికీ అనుమానం రాలేదు, పరీక్షా చేయించలేదు. ఇద్దరి తిండి తినమన్నారు. వారం వారం మైసూరుపాకు పొట్లం పట్టుకుని పుంగనూరు బస్సెక్కింది నేనే.

గాజులు తొడిగిన మూడో రోజున మదనపల్లెలో స్కానింగ్ తీయించాం. గర్భసంచిలో ఏమీ లేదు. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఒళ్లు బాగా పెరిగితే ఇన్సులిన్ మాట శరీరం సరిగా వినదు. అందుకని ఇన్సులిన్ ఇంకా ఎక్కువ ఊరుతుంది. ఆ పోటుకు అండాశయాల్లో మగ హార్మోన్లు పెరుగుతాయి, మెదడు నుంచి వాటికి అందాల్సిన సంకేతాలు లయ తప్పుతాయి. అండం విడుదల కాదు, నెలసరి రాదు. మందులు వాడి బరువు తగ్గితే దారికి రావచ్చు, పిల్లలూ పుట్టవచ్చు. ఓపిక పట్టాలంది.

గాజులు తీసిన పూటే డాక్టరమ్మ మాటలన్నీ అత్తగారికి చెప్పి గడువు అడిగాను. కనీసం ఒక ఏడాది అక్కను పుట్టింటికి పంపేయకుండా తమ ఇంట్లోనే ఉండనివ్వమన్నాను.

"మెదడుకూ కడుపుకూ ఏం సంబందమప్పా? పేపరోడివి, కతలు సెప్పొద్దు," అంది అత్తగారు.

బావ పక్కనే ఉండి చెప్పుల వారు సరిచేసుకుంటున్నాడు. తలెత్తలేదు. మూడు నెలల్లో ఇంకో పెళ్లి చేసుకుని కుప్పంలో అంగడి పెట్టాడు.

అక్క మా ఇంట్లో ఉండి మాత్రలు మింగింది, రోజూ నడిచింది. రెండేళ్లకు నెలసరి తప్పకుండా రావడం మొదలైంది. మళ్లీ పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. ఆమెకు పిల్లలు పుట్టేవారో లేదో ఇప్పటికీ తెలియదు.