కాఫీతో వేసుకున్న మాత్ర

నా భార్య మీద ఒక అపవాదు ఉంది. అది నిజం కాదని ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ నేనే. ఇన్నేళ్లుగా తెలిసీ నోరు మెదపలేదు. మీరెవరో నాకు తెలియదు, మీకూ నేను తెలియను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో జరిగిన సంగతి. మద్రాసు పురసవాక్కంలో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాసేవాణ్ణి. నా చదువు ఎస్సెల్సీతో ఆగిపోయింది. ఆ లోటు లైబ్రరీలో తీర్చుకున్నాను. మధ్యాహ్నం కొట్టులో సందడి తగ్గగానే పోయి కూర్చునేవాణ్ణి. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడా చదివాను. వీధిలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా నన్ను అడిగేవారు. లైబ్రరీ డాక్టరు అని వెక్కిరించేవారు. నాకు వెక్కిరింపు వినబడేది కాదు. డాక్టరు అన్న మాటే వినబడేది.

మాకు అమ్మాయి పుట్టాక నా భార్య పాలిపోయింది. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా ఉండేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. లేడీ డాక్టరు రక్తం పరీక్ష చేయించి, ఇనుము తక్కువగా ఉందని మాత్రలు రాసిచ్చింది. మంచినీళ్లతో వేసుకుంటే ఆమెకు కడుపులో తిప్పేది. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటానని అడిగింది. బాలింత పులుపు తింటే బిడ్డకు జలుబు చేస్తుందని మా అమ్మ వద్దంది. అప్పుడు నేను కలగజేసుకున్నాను. ఇనుము ఖాళీ కడుపుకు పడదని ఒకచోట చదివాను. పాలు సంపూర్ణాహారమని ఇంకోచోట చదివాను. రెండూ కలిపి ఒక పద్ధతి కనిపెట్టాను. పొద్దున్నే, చిక్కటి పాలు పోసిన ఫిల్టరు కాఫీతో మాత్ర. మా అమ్మకు బాగా నచ్చింది. మా ఇంట్లో కాఫీ మీద ఉన్న నమ్మకం ఏ మందు మీదా లేదు.

నెలలు గడిచాయి. ఆమె రంగు మారలేదు. రెండోసారి పరీక్ష చేసి డాక్టరు, మాత్రలు సరిగా వేసుకుంటున్నావా అని అడిగింది. ఆమె తలూపింది. డాక్టరు నావైపు చూసింది. నేను పొద్దున స్నానంలో ఉంటాను, చూడలేదు అన్నాను. అది నిజమే. కానీ ఆ నిజాన్ని చెప్పిన తీరు ఎట్లాంటిది? నా పద్ధతిలో తప్పుండవచ్చని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు. తప్పు ఆమెదే అయి ఉండాలి.

ఆ రోజు ఇంటికి రాగానే మా అమ్మ మొదలుపెట్టింది. “ఏమే, మాత్రలు నువ్వు మింగతా ఉండావా, కిటికీలోంచి ఆడ మునగచెట్టుకు వేస్తా ఉండావా? చెట్టు మాత్రం బో ఏపుగా ఉండాది!”

“లేదత్తా, దినామూ మింగతానే ఉండాను.”

“చుమ్మా కతలు చెప్పొద్దు. డాక్టరమ్మ పిచ్చిదా?”

అప్పటికి చిన్నపిల్ల అయిన మా చెల్లెలు పకపకా నవ్వింది. నేనూ నవ్వాను.

తరవాత నా భార్య నా పక్కకు వచ్చి, సిగ్గుపడుతూ, తనకు విరేచనం నల్లగా అవుతోందని, మాత్ర మింగకపోతే అట్లా అవుతుందా అని అడిగింది. ఆ సంగతులన్నీ నాకు చెప్పొద్దు అని ముఖం తిప్పుకున్నాను. ఆ వారంలోనే చేతిపంపు దగ్గర కళ్లు తిరిగి పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. మందు తినకపోతే పడవా మరి అన్నారు ఇంట్లో. ఆమె ఆ తరవాత వాదించడం మానేసింది.

కొన్నాళ్లకు లైబ్రరీకి ఆహారం గురించి ఒక లావుపాటి కొత్త పుస్తకం వచ్చింది. నేనే మొదట తీసుకున్నాను. అందులో ఉంది. కాఫీ, టీ, పాలు, ఇవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మాత్రకూ వాటికీ నడుమ ఎడం ఉండాలి. నిమ్మ, ఉసిరి, జామ ఇనుమును లోపలికి పట్టిస్తాయి. మాలాగా మాంసం, చేప ముట్టని ఇళ్లలో ఆకుకూరల్లోని ఇనుము సులువుగా పట్టదు కాబట్టి పులుపు తోడు మరీ అవసరం. పేజీ తిప్పాను. ఇనుము మాత్రలు వేసుకునేవారికి విరేచనం నల్లబడుతుంది, భయపడనక్కరలేదు అని ఉంది.

ఆమె నాకు సాక్ష్యం చూపించింది. నేను ముఖం తిప్పుకున్నాను.

ఇంటికి పోయి చెప్పవలసింది. తప్పు నాది, ఆమె మాత్రలు వేసుకుంటూనే ఉంది, అంతే. రెండు ముక్కలు. ఎందుకు చెప్పలేదు? అమ్మ ముందు చిన్నబోతాననా? వీధిలో మళ్లీ ఎవరూ నన్ను సలహా అడగరనా? అంత చిన్న సంగతికా? అంత చిన్న సంగతికే.

మరునాటి నుంచి మాత్ర నేనే నా చేత్తో ఇస్తానన్నాను. నిమ్మకాయ నీళ్లతో. కాఫీ బాగా పొద్దెక్కాక తాగమన్నాను. కారణం చెప్పలేదు. కొంచెం నిమ్మకాయకు ఏమీ కాదులే అని అమ్మను ఒప్పించాను. ఆమె ముఖంలోకి మెల్లగా రంగు వచ్చింది. పరీక్షలో కూడా తేలింది. మొగుడు ఎదురుగా నిలబడితే గాని మింగలేదు చూడు అని మా అమ్మ వీధంతా చెప్పుకుంది. నేను విన్నాను. ఊరుకున్నాను.

ఒకరోజు బిడ్డను ఒళ్లో వేసుకుని నా భార్య అంది, “ఏమండీ, ముందర నేను సరిగా మింగలేదేమో. బిడ్డ ఏడుపులో మరిచిపోయుంటాను. నాకు మింగినట్టే గుర్తుండాది. కానీ నాదే తప్పయుంటుంది. మనసులో పెట్టుకోబాకండి.”

నేనేమన్నానో చెబుతాను.

“సరే, పోనీలే. ఇకమీదట జాగర్తగా ఉండు.”

చేయని తప్పుకు ఆమెను క్షమించాను. పెద్దమనసుతో.

పదేళ్లు దాటాక మా చెల్లెలు కాన్పుకు వచ్చింది. తనకూ అవే మాత్రలు. కాఫీతో వద్దు, నిమ్మకాయ నీళ్లతో వేసుకో అని నేను చెప్పాను. “వదిన మాదిరి చెట్టుకు వెయ్యనులే అన్నా” అని నవ్వింది. వెంటనే, “ఆమాం, అవును గాని, కాఫీతో వద్దని వదిన మాత్రలప్పుడే నీకు తెలుసునా?” అంది.

నా భార్య అక్కడే ఉంది, డికాషన్‌లో పాలు కలుపుతూ.

“లేదు. మొన్ననే చదివినా” అన్నాను.

ఆమె చెయ్యి ఆగిందా? లేక నాకట్లా అనిపించిందా? గ్లాసు నా ముందు పెట్టి వెళ్లింది. ఏమీ అడగలేదు. అడుగుతుందేమోనని ఇప్పటికీ ఎదురుచూస్తాను. అడగకూడదనీ కోరుకుంటాను.

ఇది రాస్తుంటే కొంచెం తేలికగా ఉంది. ఆ తేలిక కూడా నాకే దక్కింది, ఆమెకు కాదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసిన మనిషి మీరు కాదు. ఒక్కరికైనా నిజం తెలియాలి, అంతే. ఆమె ఒక్క మాత్ర కూడా పారేయలేదు. అన్నీ వేసుకుంది, దినమూ పొద్దున్నే, నేను చెప్పినట్టే.