నూలు ఒత్తి

ఎనభైల్లో, పెళ్లైన కొత్తలో, పుట్టింటికి పోతూ డాల్డా డబ్బాలో పోసిన మిరప నారును నీళ్లకుండ మీద కూర్చోబెట్టాను. డబ్బా అడుగు చిల్లులోంచి నూలు ఒత్తిని కుండలోకి వదిలాను. నేను లేకపోయినా నీళ్లు పైకి పీల్చుకుంటుంది.

వీపనగండ్ల నుంచి గద్వాలకు తిరిగొచ్చేసరికి అత్త నారంతా పీకేసింది. ఒక్క మొక్క వదల్లేదు, పాపిష్టిది.

"నేసే నూలు మొక్కలకు పెడ్తవా?" అంటూ కర్రతో నా వీపు మీద కొట్టింది.

కర్ర గుంజుకుని విరిచాను. ఆమె మణికట్టు పట్టి, ఒత్తి పేనినట్టే మెలిపెట్టాను. "ఇంకోపారి ముట్టినవంటే నీ కొంగు చింపి ఒత్తి పేనుత."

మళ్లీ నారు పోశాను. మళ్లీ పుట్టింటికి పోయాను, కుండలో సగమే నీళ్లు పోసి.

తిరిగొచ్చేసరికి నేను మెలిపెట్టిన అత్త కుడి మణికట్టుకు కట్టు ఇంకా ఉంది. ఎడమచేత్తో నారు కింది కుండ నింపుతోంది.