పెద్దత్త మిరపతోట

పెద్దత్త పోయిందని పదిహేను రోజుల కిందట ఒక పొద్దున పక్కింటాయన వచ్చి చెప్పినప్పుడు మా మామ పళ్ళు తోముకుంటున్నారు. నీళ్ళు పుక్కిలించి ఊసి, "పోయిందా? ఇంక బావికాడ రచ్చ ఉండదు" అన్నారు. సొంత అన్న భార్య పోతే ఆయన అన్న మాట అదొక్కటే. మా ఇంట్లో ఎవరూ చెప్పరు గనుక ఆమె గురించి నేనే చెప్పాలి.

పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను పామిడి దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చేసరికే అన్నదమ్ముల తోట రెండు ముక్కలైంది. బావి మాత్రం ఒక్కటే. ఒకరోజు మాకు, ఒకరోజు ఆమెకు నీటి వంతు. పెద్దమామ పోయాక తన ముక్కలో పెద్దత్త ఒక్కతే మిరప పెట్టేది. మా వాళ్ళు ఆమెతో మాట్లాడేవారు కాదు. ఏదైనా చెప్పాలంటే నన్ను పంపేవారు. ఆమె తిట్లు కూడా నాకే అప్పజెప్పేది. "ఉన్నదున్నట్టు చెప్పు, దారిలో మింగొద్దు" అనేది.

పొద్దున్నే తోటకు వెళ్ళి, ఆకులు తిప్పి అడుగున పురుగుందేమో చూసేది. ఆకు ముడత కనిపిస్తే ఆ మొక్కను పీకి అవతల కాల్చేసేది. నేను మా మిరపకు నీళ్ళు పారిస్తుంటే గట్టు అవతలి నుంచి అరిచేది. "చాలుమే! మడుగు కట్టినావంటే వేర్లు కుళ్ళి చస్తాయి. మీ అత్త నేర్పలేదా? ఆమెకు తెలిస్తే కదా!" ఆ అరుపుల్లోనే నేను మిరప సాగు నేర్చుకున్నాను.

ఒక ఏడు వానలు బొత్తిగా లేవు. చెట్లు పూత మీదున్నాయి. తన చెల్లెలికి జబ్బు చేసి పెద్దత్త రాప్తాడుకు వెళ్తే, మామ ఆమె వంతు నీళ్ళు కూడా మా తోటకే తోలించారు. తిరిగి వచ్చేసరికి ఆమె చెట్ల కింద పూత రాలి తెల్లగా పరుచుకుంది. ఆమె ఏడవలేదు. నేరుగా బావి దగ్గరికి వెళ్ళి, ఎద్దులతో నీళ్ళు తోడే కపిలకు కట్టిన తోలు బాన విప్పి నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచింది. ఇక ఎవరికీ నీళ్ళు లేవు.

మామ నన్ను పంపారు.

"మీ మామను రమ్మను. 'నీ నీళ్ళు దొంగిలించినాను' అని నోరు తెరిచి చెప్తే ఇస్తా" అందామె.

"ఆడదాని వాకిట్లో నిలబడి నేను చెప్పల్లనా? చెట్లు ఎండితే ఎండనీ!" అన్నారు మామ.

రెండు తోటలూ వాడిపోతున్నాయి. చూడలేక నేను కుండ తీసుకుని, బావి మెట్లు దిగి నీళ్ళు మోయడం మొదలుపెట్టాను. ముందు ఆమె చెట్లకే పోశాను. మా అత్త గట్టు మీద నిలబడి, "ఆ ఇంటికే పోయి కూడు తిను" అని శాపనార్థాలు పెట్టింది.

పెద్దత్త వచ్చి నా చేతిలోని కుండ లాక్కుంది. కృతజ్ఞత చెబుతుందనుకున్నాను.

"తల మీద పోస్తావేమే? ఉన్న పూత కూడా రాలుస్తాండావు. మొదలుకాడ పొయ్!"

కుండ తిరిగి నా చేతికిచ్చి, తానూ ఒకటి తెచ్చుకుంది. పొద్దుగూకేదాకా ఇద్దరం మోశాం, ఒక సాలు ఆమెది, ఒక సాలు మాది. మర్నాడు చూస్తే తోలు బాన తిరిగి కపిలకు కట్టి ఉంది. మామ మాత్రం ఆ వాకిలి తొక్కలేదు. ఆమె కూడా ఆయన ముఖం చూడకుండానే పోయింది. తన వంతు రోజున కొడవలి పట్టుకుని బావి గట్టున కూర్చోవడం చివరిదాకా మానలేదు.

మూడోరోజు కర్మ అయ్యాక ఆమె తోటకు వెళ్ళాను. చెట్ల నిండా పండు కాయలు. "వదిలెయ్, మనకెందుకు?" అని మామ అన్నా వినకుండా కోసుకొచ్చి మా వాకిట్లో ఆరబోశాను.

ఇవాళ్టికి గలగలలాడేలా ఎండాయి. మధ్యాహ్నం వాటిని తిరగేస్తుంటే గాలి లేచి ఘాటంతా లోపలికి కొట్టింది. మంచం మీద మామ దగ్గడం మొదలుపెట్టారు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఎవరివే ఆ కాయలు?" అని తెలియనట్టే కేకేశారు.

నేను వంగి, ఇంకోసారి తిరగేశాను.