రెండో చప్పుడు దాకా ఆగాలె

మా మేడం పోయిన్రు. తార్నాక చౌరస్తాల సిగ్నల్ కాడ బస్సు ఆగి ఉన్నది, నేను రాడ్ పట్టుకొని నిలబడ్డ, అప్పుడు ఫోన్ మోగింది. మేడం భర్త, మేమందరం సార్ అని పిలిచే ఆయన. "మీ మేడం వెళ్ళిపోయిందమ్మా. పొద్దున్నే, నిద్రలోనే" అన్నరు. సిగ్నల్ పడ్డది, బస్సు కదిలింది, నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయింది. లాలాపేట్ దాకా పోయి, మళ్ల ఎనక్కి నడుచుకుంట వాళ్లింటికి వచ్చిన. తొవ్వల ఏడుపు రాలే, కోపం వచ్చింది.

సాయంత్రానికి మా పాత బ్యాచ్ గ్రూపు నిండ దండం పెట్టే బొమ్మలే. "గొప్ప విద్యావేత్త" అని ఒకడు, "తీరని లోటు" అని ఇంకొకడు. ల్యాబ్ రికార్డుల ఇసొంటి ఉత్త మాటలు కనబడితే మేడం ఎర్ర పెన్నుతోటి కింద గీత గీసి, "ఎలా?" అని రాసి వాపస్ ఇచ్చేటోళ్లు. ఎలా గొప్ప, ఎలా తీరని లోటు అని నాకు తెలిసినంత మీకు చెప్దామని కూసున్న.

ఆమె యూనివర్సిటీ క్యాంపస్‌ల మా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ మేడం. కోస్తా నుంచి వచ్చి తార్నాకల ఇల్లు కట్టుకున్న కుటుంబం. నేను లాలాపేట్ పిల్లను, మా నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌ల పని చేసిండు. మొదటి ల్యాబ్ రోజు మేమందరం కొత్త బోర్డులు కొనుక్కొని, డబ్బాలు చింపుకుంట హుషారుగ కూసున్నం. అరచేతిల పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, సరదాకు ఇంట్ల ఎవరైనా ఆడుకునే రకం. దానికి వేడి కొలిచే సెన్సార్ ఒకటి కలపాలె, అంతే పని. మేడం వచ్చి, ఒక చూపు చూసి, బోర్డులన్నీ మళ్ల డబ్బాల పెట్టించిన్రు. "ముందు మీరు తీగలవ్వండి, తర్వాత తీగలు కలుపుదురుగాని" అన్నరు.

తీగలు అవ్వుడంటే ఏందో తెల్వక ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. మేడం ఇద్దరిద్దరిని ఎదురెదురుగ నిలబెట్టిన్రు. ఒకరు బోర్డు, ఒకరు సెన్సార్. బోర్డు చప్పట్లు కొట్టాలె. చప్పట పడ్డప్పుడల్ల సెన్సార్ చెయ్యి ఎత్తితే ఒకటి, ఎత్తకపోతే సున్నా. బోర్డు అది రాసుకోవాలె. నిజం బోర్డుల కూడా ఇదే జరుగుతది. ఒక తీగ మీద తాళం నడుస్తది, దాన్నే క్లాక్ అంటరు. ఇంకో తీగ మీద మాట పోతది, ఇంకోదాని మీద వస్తది. నాలుగో తీగ "నిన్నే పిలుస్తున్న" అని చెప్పేటందుకు. తాళం ఆగితే అవతల సెన్సార్ కూడా గప్‌చుప్. దానంతట అది ఎన్నడూ మాట్లాడదు, అడిగితేనే, అది కూడా తాళం మీదనే చెప్తది.

యూనివర్సిటీకొచ్చినంక ఎల్‌కేజీ పిల్లల లెక్క చప్పట్లేంది అని మాకు నామోషి. పక్క ల్యాబోళ్లు కిటికీల కాడ నిలబడి నవ్వేటోళ్లు. నాకు నోరు ఊకుండదు కదా, "ఇది బతుకమ్మ లెక్కనే ఉన్నది మేడం" అన్న. తిడతరేమో అనుకున్న. "ఎలా?" అన్నరు, నిజంగ తెల్సుకుందామనే. చప్పట పడితేనే అందరి అడుగు ఒక్కసారి పడతది, ఒక్కరు తొందరపడినా పక్కామెకు తగుల్తరు అని చెప్పిన. ఆ యేడు హాస్టల్ ముంగట బతుకమ్మ ఆడుతుంటే మేడం వచ్చిన్రు. చీర కుచ్చిళ్లు ఒక చేత పట్టుకొని మా నడుమ దూరిన్రు. అడుగు ఒక్కటన్న సరిగ పడలే. నేను పక్కనే ఉండి "మేడం, మీ క్లాక్ తప్పుతున్నది" అంటే, "క్లాక్ బానే ఉందమ్మా, కాళ్ళే బాలేవు" అని నవ్విన్రు.

ల్యాబ్‌ల ఆమె ఎప్పుడూ చేతులు ఎనక కట్టుకొనే నడిచేటోళ్లు. మా తీగలు ముట్టుకోవద్దని తనకు తనే పెట్టుకున్న షరతు అది. మాకేమో ఒళ్లు మండేది. తప్పేడున్నదో ఆమెకు కనబడుతనే ఉంటది, కండ్లు అక్కడికే పోతయ్, కాని నోరు తెరువరు. తీగ పీకుడు, మళ్ల పెట్టుడు, అంత మనమే చెయ్యాలె. "నేను పెడితే నాకొస్తుంది, నీకు రాదు" అనేటోళ్లు. సంచిల ఉడకబెట్టిన పల్లీలు తెచ్చి బల్ల మీద పోసి, మేము కొట్లాడుకుంట తింటుంటే తను మాత్రం మా తీగలనే చూసుకుంట నిలబడేటోళ్లు.

ఆమెకు అస్సలు నచ్చని మాట ఒకటి ఉన్నది, "పోయింది". ఏమన్న పని చెయ్యకపోతే మేం ఎంబడే "సెన్సార్ పోయింది మేడం, కొత్తది ఇయ్యున్రి" అనేటోళ్లం. "పోయిందని నీకెవరు చెప్పారు? నువ్వు అడిగిన పద్ధతి చూసుకున్నావా?" అని మమ్మల్నే నిలదీసేటోళ్లు. ఆమె చేతుల నిజంగ పోయిన సెన్సార్లు బహుశా రెండో మూడో ఉంటయ్. మిగిలినయ్ అన్నీ మళ్ల మాట్లాడినయ్.

నా సెన్సార్ మాట్లాడింది గాని ఉల్టా మాట్లాడింది. ఏప్రిల్ నెల, ఫ్యాన్ గాలి కూడా వేడిగ కొడ్తున్నది, నా తెర మీద పదిహేను డిగ్రీలు. మేడం వంగి చూసిన్రు. "చెప్పుంటే శాలువా కప్పుకుని వచ్చేదాన్నిగా" అన్నరు. క్లాస్ అంత నవ్వుడే నవ్వుడు. నేను తీగలన్నీ పీకి పెట్టిన, ప్రోగ్రాం మొత్తం మళ్ల రాసిన, అయినా పదిహేనే. నెత్తి ఖరాబైంది. సెన్సార్ పోయింది అనబోయి నాలిక కరుచుకున్న.

"లేచి చప్పట్లు కొట్టు" అన్నరు మేడం. నా జోడీ పిల్లగాడు సెన్సార్, నేను బోర్డు. నేను కొడ్తున్న, రాస్తున్న. మేడం చేతులు ఎనక కట్టుకొని చూస్తున్నరు. జర సేపైనంక నాకే దొరికింది. వాడు చప్పుడు విన్నంకనే కదా చెయ్యి కదిలిచ్చేది. నేను చప్పుడు కాంగనే రాస్తున్న. అంటే వాడు ఇప్పుడు చెప్పేది నేను రాస్తలేను, అంతకు ముందు చెప్పిన పాత చెయ్యి రాస్తున్న. అన్నీ ఒక చప్పుడు ఎనక పడుతున్నయ్, ఒకట్లు సున్నాల లెక్కల ఒక్క స్థానం జరిగితే విలువ సగమైతది, అందుకే ముప్పై ఒకటి కాడ పదిహేను వస్తున్నది. మేడం మొఖం వెలిగిపోయింది, అట్ల వెలుగుడు నేను మా అమ్మ మొఖంల కూడా తక్కువ చూసిన. "వాడు చెప్పేది తప్పు కాదమ్మా. నువ్వు చదివే సమయం తప్పు" అన్నరు. ప్రోగ్రాంల ఒక్క లైన్ మార్చిన, తెర మీద ముప్పై ఒకటి వచ్చింది.

ఇప్పుడు నేను కూడా ఒక ప్రైవేటు కాలేజీల ఇదే ల్యాబ్ చెప్తున్న, పిల్లలతోటి చప్పట్లు కొట్టిస్తున్న. మేడం రిటైరైనంక ఆదివారాలు వాళ్లింటికి పోయేదాన్ని. పోయిన చలికాలంల ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయ్, మాట బందైంది. ఎడమ చెయ్యి మాత్రం కొంచెం ఆడేది. దవాఖానల డాక్టర్ చెప్పే పంపిచ్చిండు, ఏదన్న అడిగితే అవునంటే వేలు ఎత్తమనున్రి, కాదంటే ఎత్తొద్దనున్రి, అడిగి జర ఆగున్రి అని. ఇంటికొచ్చినంక వేలు అందరికీ యాదికున్నది, ఆగుడే ఎవరికీ యాదికి లేదు.

చూసుకునేటందుకు సార్ వాళ్ల అక్క ఊరి నుంచి వచ్చింది. పెద్దామె, మనసు మంచిది, చేతులు ఎప్పుడూ ఖాళీగుండయ్, నోరు అంతకన్న ఖాళీగుండదు. ఒక ఆదివారం నేను పోయేసరికి ఆమె సార్‌తోటి అంటున్నది. "దానికేం తెలీట్లేదురా. నీళ్ళు కావాలా అంటే ఊరుకుంటుంది, నొప్పుందా అంటే వేలెత్తుతుంది, మాత్రేస్తే ఉమ్మేస్తుంది. నువ్వొక్కడివీ ఇక్కడేం చూస్తావు? ఇల్లు తాళమేసి ఇద్దరూ మా ఊరొచ్చేయండి." సార్ నా దిక్కు చూసి, "ఎక్కడున్నా ఆవిడకొకటే కదమ్మా ఇంక" అన్నరు. ఆ మాట మేడం మంచం పక్కనే అన్నరు, ఆమె విన్నా తెల్వదు అనే ధైర్యంతోటి. మేడం లోపల మేడం లేరు అంటే నేను నమ్మ. కాని ఉత్తగ నమ్మితే ఏమయితది, చూపెట్టాలె కదా. లేకపోతే ఆమెను అడగకుండనే ఆమె ఇంట్ల నుంచి ఆమెను తీస్కపోతరు.

పెద్దామె మళ్ల మొదలుపెట్టింది. "నీళ్ళు కావాలా?" వేలు లేవలే. "నొప్పిగా ఉందా?" వేలు లేచింది. పెద్దామె మాత్ర తేవడానికి లేచింది. మేడం మొఖం అటు తిప్పుకున్నరు, కోపంగ. ఆ కోపం నాకు బాగ ఎరుక. తీగ తప్పు పెట్టి సెన్సార్‌ను తిడితే ఆమె మొఖంల కనబడే కోపం అదే. నేను పోయి నీళ్ల గ్లాసు నోటికి పెట్టిన. ఆపకుండ మొత్తం తాగిన్రు.

అప్పుడు సమజైంది. వేలు లేచింది నొప్పికి కాదు, నీళ్లకు. మేడం జవాబు చెప్తనే ఉన్నరు, ఒక ప్రశ్న ఎనకనుంచి. వీళ్లు అడిగినంక ఆమెకు లోపల టైమ్ పడుతున్నది, అది వచ్చేలోపు వీళ్లు ఇంకోటి అడుగుతున్నరు. వీళ్లు చదువుతున్నది పాత చెయ్యి.

"పెద్దమ్మా, జర ఊకో. సార్, మీరు కూడా" అన్న. గంత కరుకుగ వాళ్లింట్ల నేనెప్పుడూ మాట్లాడలే. మంచం చెక్క మీద వేలి కణుపుతోటి ఒకసారి కొట్టి చూపెట్టిన. "మేడం, నేను అడుగుత. ఒక చప్పుడు అయితది, ఆలోచించుకోన్రి. రెండో చప్పుడు మీద నేను చదువుత." ఆమె కండ్లు నా మీద నిలబడ్డయ్. మొదలు అందరికీ జవాబు ఎరుకైన ప్రశ్న అడగాలె కదా, అందుకని "సార్ వంట బాగ చేస్తరా?" అన్న. కొట్టిన. ఆగిన. ఆగుడు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది, గోడ గడియారం చప్పుడు కూడా అడ్డమనిపిచ్చింది. రెండోసారి కొట్టిన. వేలు లేవలే. "సార్ వంట ఖరాబుగ చేస్తరా?" కొట్టిన, ఆగిన, కొట్టిన. వేలు నిటారుగ లేచింది. సార్ నవ్వబోయిన్రు, నవ్వు ఏడుపైంది, కండువ మొఖానికి అడ్డం పెట్టుకున్నరు.

అప్పుడు అసలుది అడిగిన. "మేడం, పెద్దమ్మ వాళ్ల ఊరికి పోదామా?" చప్పుడు. ఆగుడు. చప్పుడు. వేలు దుప్పటి మీదనే ఉన్నది. ఏ లెక్కనైనా రెండు దిక్కుల నుంచి చూడాలని ఆమెనే నేర్పిన్రు కదా, తిప్పి అడిగిన. "తార్నాకలనే, మీ ఇంట్లనే ఉంటరా?" రెండో చప్పుడు ఇంక పూర్తిగ పడనేలే, వేలు లేచింది. పెద్దామె మంచం కాడ కూలబడి మేడం చెయ్యి పట్టుకొని, "నిన్నడక్కుండా అన్నీ తీర్మానం చేసేశానే" అని బోరుమన్నది. ఆ తర్వాత ఊరికి ఒక్కతే పోయింది. పోయే ముందు మాత్రం చప్పుడు కొట్టుడు నేర్చుకొని, గాజులు గలగలలాడిచ్చుకుంట రోజంత మేడంను ప్రశ్నలడిగి సతాయించింది.

మేడం తన ఇంట్లనే ఉన్నరు. కిటికీల నుంచి వీధి కనబడే తన గదిలనే, తనకు నచ్చిన దుప్పటి మీదనే. ఏ కూర వండాలె, ఏ చీర కట్టాలె, ఎవరిని లోపలికి రానియ్యాలె, అన్నీ వేలుతోటే చెప్పిన్రు. ఎవరిని రానియ్యొద్దో చెప్పుడు ఇంకా బాగ చెప్పిన్రు. ఈ మనిషికి నేను శిష్యురాలినైన, నా బతుకుల నాకు దొరికిన పెద్ద భాగ్యం ఇది. చిన్న మాటగ చెప్పుడు నాకు రాదు.

పోయిన ఆదివారం చివరిసారి చూసిన. మా కాలేజీ పిల్లల ముచ్చట్లు చెప్పిన, మందులు సర్దిన, సార్ వంటింట్ల చాయ్ పెడ్తున్నరు. ఇంక పోతా అని లేచి బ్యాగు తగిలిచ్చుకొని, ఫోన్ చూసుకుంట గుమ్మం కాడికి వచ్చిన. ఎనక చప్పుడైంది.

మళ్లి చూసిన. మేడం ఎడమ చెయ్యి మంచం చెక్క మీద ఉన్నది. ఇన్నాళ్లు అడిగింది మేము, చెప్పింది ఆమె. ఆ రోజు చప్పుడు ఆమె కొట్టిన్రు. నా దిక్కు చూస్తున్నరు, ల్యాబ్‌ల ప్రశ్న అడిగి జవాబు కోసం చూసినట్టే. ఏమడిగిన్రో నాకు తెల్వదు. మాట లేదు, పెదవి కదలలే. పోయి పక్కన కూసున్న. ఆమె తొందరపెట్టలే, నాకు కావాల్సినంత టైమ్ ఇచ్చిన్రు. తర్వాత రెండో చప్పుడు కొట్టిన్రు.

నేను వేలు ఎత్తిన.

ఆమె మూతి ఎడమ దిక్కు నవ్వింది, కండ్లు మూసుకున్నరు. దేనికి అవునన్ననో నాకు ఇప్పటికీ తెల్వదు. సార్ చాయ్ పట్టుకొని వచ్చేసరికి మేడం నిద్రపోయిన్రు, నా వేలు ఇంకా పైకే ఉన్నది.