నొచ్చిన చోట దగ్గర కుట్లు

బూర్గంపాడులో బొంతలు కుట్టే పెద్దామె ఒకామె ఉండేది. అందరం అత్తా అనే పిలిచేవాళ్లం. సెల్ ఫోన్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. పోయినవాళ్ల బట్టలు తీసుకెళ్తే వాటితోనే బొంత కుట్టిచ్చేది. సూది పట్టే ముందు మాత్రం ఎవరినైనా ఒకటే అడిగేది, పోయిన మనిషికి ఎక్కడ నొప్పి ఉండేదని. చెప్పిన చోట కుట్లు దగ్గర దగ్గరగా వేసేది.

అమ్మ పోయాక ఆమె చీరలు గోదావరిలో వదిలేయమన్నారు చుట్టాలు. నాన్న ఆ మూటను ఎవరినీ ముట్టనివ్వలేదు. తిండి మానేశాడు, మాట మానేశాడు. భద్రాచలం నుంచి ఆయన్నీ మూటనూ ఆటోలో ఎక్కించుకుని, వంతెన దాటి అత్త దగ్గరికి తీసుకెళ్లాను.

అత్త ఒక చీరను మనిషంత పొడుగున పరిచింది. "ఏడ నొస్తుండె అన్నా, ఆమెకు?"

"మోకాళ్లు," అన్నాడు నాన్న. "మిరపకాయలు ఏరి ఏరి నడుము. ఆఖరికి దవాఖానాల ఛాతీకి గాలి ఆడక శానా తన్లాడింది." అమ్మ పోయాక ఆయన ఏడవడం అదే మొదలు.

అత్త ఓదార్చలేదు. చీర మీద వేలు పెట్టి, "గీడనా?" అంది.

"అవ్, గాడనే."

సూదిలో దారం ఎక్కించి ఆయన చేతికిచ్చింది. "అయితే గీడ నువ్వే కుట్టు."

కుట్లు వంకరగా పోయాయి. విప్పి సరిచేద్దామని నేను చెయ్యి చాపితే అత్త వద్దంది. పొద్దు వాలేదాకా కుట్టి తలెత్తాడు నాన్న.

"ఆకలైతుంది బిడ్డా."

అత్త అప్పటికే పొయ్యి మీద ఎసరు పెట్టింది.