డాబా మీద ఎండిన మైదాకు

1959 ఎండకాలం. భువనగిరి బజార్ల నాది మూలికల దుకాణం. సునాముఖి, నేలవేము, మైదాకు, ఏ ఆకైనా ఎండవెట్టి, దంచి, జల్లెడ పట్టి పొట్లాలు కట్టి అమ్మేటోన్ని. గోరింటాకునే మా దిక్కు మైదాకు అంటరు. ఆ ఏడు వానల్లేక పెరట్ల చెట్లన్ని మోడువారినయి. పెండ్లిండ్లు ఆగుతయా? పొడి కోసం జనం నా దుకాణం మీద పడ్డరు.

మైదాకును నీడల, గాలాడే జాగల మూడు దినాలు ఆరవెట్టాలె. మా నాయిన నేర్పిన పద్ధతి అది. నాకేమో తెలివి ఎక్కువాయె. దూరపు ఊర్ల నుంచి తెప్పించిన పచ్చాకును డాబా మీద మండుటెండల పరిస్తే పొద్దుమూకేసరికి గలగలమన్నది. "నాయినకు గీ మాత్రం తెల్వకపాయె" అని మీసం దువ్వుకున్న.

నాలుగొద్దులకు పొద్దుగాల్నే గొర్ల మల్లయ్య కట్టె పట్టుకొని వచ్చిండు. తెల్లారితే ఆయన బిడ్డ లచ్చిమి లగ్గం.

"గిదేం పొడి ఇచ్చినవు సేటూ? రాత్రంత పెట్టుకున్నా పిల్ల చేతులు పసుపునీళ్లు తాకినట్టే ఉన్నయి. మైదాకు పండలేదంటే మొగని మీద మనసు లేనట్టే అని, చూడొచ్చిన పెండ్లిపిలగాని నాయినమ్మ లొల్లి వెట్టింది. లగ్గమే వద్దంటాంది!"

మిగిలిన పొట్లం పట్టుకొని ఆయన ఎంబడి ఉరికిన. పందిట్ల ఆ ముసలవ్వ దర్జాగ కూసున్నది. లచ్చిమి మూలకు తల వంచుకొని ఏడుస్తాంది. తప్పు నాది, నింద ఆ పిల్ల మీద. నాకు మస్తు సిగ్గనిపించింది.

"తప్పు పొడిదవ్వా, పిల్లది గాదు" అన్న.

"పొడి పేరు చెప్పకు. మనసుంటే బూడిద పెట్టినా పండుతది."

"గట్లనా? అయితే నీ చెయ్యి చాపు."

పంతానికి చాపింది. అదే పొడి కలిపి అరచెయ్యి నిండ పెట్టిన. పగటి బువ్వ యాల్ల దాక ఎవ్వలం కదలలే. కడిగితే ఏమున్నది? పండుడు దేవుడెరుగు, జాడ గూడ సరిగ లేదు.

అరుగు మీద బీడి తాగుతున్న ఆమె పెనిమిటి తొంగి చూసిండు.

"యాభై ఏండ్ల సంది నాకు అనుమానమే ఉండె" అన్నడు.

పందిరంత గొల్లుమన్నది. లచ్చిమి గూడ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

"నోర్ముయ్ ముసలోడా!" అని అవ్వ నా దిక్కు మళ్లింది. "ఏడ ఎండవెట్టినవు కొడుకా?"

"డాబా మీద, ఎండల."

"ఇంకేం పండుతది, నా తలకాయ! చెట్టు మీదున్న ఆకుకు ఎండ గావాలె, తెంపిన ఆకుకు నీడ గావాలె. గిది తెల్వకనే దుకాణం పెట్టినవా?"

ఊరి బయట మోటబాయి కాడ, నీళ్ల తడికి ఒక్క మైదాకు చెట్టు పచ్చగ ఉన్నది. పొద్దంత ఎండ పడే కొమ్మల ఆకు తెంపుకొచ్చి నేనే నూరి ఇచ్చిన. తెల్లారి లచ్చిమి చేతులు ఎర్రగ మెరిసినయి. అవ్వ చెయ్యి గూడ పండింది. అందరికీ తిప్పి తిప్పి చూపెట్టింది, తాతకు రెండుసార్లు.

తర్వాత బడిల సైన్సు పంతులు నాకు సంగతి చెప్పిండు. ఎండల కంటికి కనవడని అల్ట్రావయొలెట్ కిరణాలుంటయట. చెట్టు మీదున్న ఆకు వాటికి ఓర్చుకునేందుకు తనల కొన్ని రసాయనాలు పెంచుకుంటదట. తెంపినంక ఆకుకు ఆ శక్తి ఉండదు. మైదాకుల రంగునిచ్చే పదార్థం పేరు లాసోన్, గా కిరణాలే దాన్ని చెడగొడ్తయట.

సరుకు మంచి చెడ్డ ముందు నేను చూసుకోవాలె, ఊరోళ్ల చేతుల మీద కాదు. గది నేర్సుకున్న. అప్పటిసంది ప్రతి కొత్త పొడి నా ఎడమచేతికి పెట్టుకొని, పండితేనే అమ్మిన. పండని దినం మాత్రం, లాసోన్ సంగతి ఎంత చెప్పినా నా పెండ్లాం నమ్మకపోయేది.